దగ్గు ఎన్నో వారం?

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రూపు లీడరు చేసిన ప్రసంగ పాఠం)



పోయినేడాది ఈ సభలో బ్యాంకు లింకేజీ గురించి, పాడి గేదెల గురించి చాలా బాగా మాట్లాడారు. ఈసారి మా గ్రూపును ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. పంచసూత్రాలు మనందరికీ నోటికి వచ్చు. వాటికి ఇంకో ఐదు కలిపి దశసూత్రాలు అన్నప్పుడు అందులో ఆరోగ్యం కూడా చేరింది. కానీ మీటింగులో పొదుపు, అప్పు, వసూలు అయ్యేసరికే పొద్దు పోతుంది. ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి అందరం లేచి చీర దులుపుకుంటాం. అందుకని ఆరోగ్యమంతా ఎత్తుకోకుండా ఒక్క దగ్గు గురించే చెప్తాం. ఎంతకీ మానని దగ్గు గురించి.

దగ్గు మీద కూడా ప్రసంగమా అని నవ్వకండి. మాది మిరప పండే ఊరు. గుంటూరు యార్డుకు టిక్కీలు తోలే ఊళ్లలో మాదొకటి. సంక్రాంతి దాటిన కాడి నుంచి ఎండలు ముదిరిందాకా మా ఆడవాళ్లందరం చేలల్లో, కల్లాల్లోనే ఉంటాం. కాయ కోయడం, ఎండబోయడం, తాలుకాయలు ఏరడం, తొడిమలు తీయడం. మూతికి తువ్వాలు కట్టుకున్నా ఘాటు ఆగదు. ఒకరు తుమ్మితే ఇంకొకరు దగ్గుతారు, అదొక పాట లాగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుస్తుంది. అందుకే మా ఊళ్లో దగ్గు వస్తే ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు. మిరపకాయల పని కదా అంటారు. పని లేని నెలల్లో మంచు అంటారు, దుమ్ము అంటారు, నిన్న పెరుగు తిన్నావుగా అంటారు. ప్రతి దగ్గుకూ ఒక కారణం చేతిలో సిద్ధంగా ఉంటుంది కాబట్టి అసలు కారణం వెతికే పని ఉండదు.

ముందుగా వంటింటి మందుల మాట. వాటిని తీసిపారేయమని చెప్పడానికి మేము రాలేదు. మిరియాల పాలు, అల్లం రసంలో తేనె, తులసాకు, శొంఠి కషాయం, ఉప్పు నీళ్లు పుక్కిలించడం, రాత్రిళ్లు బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని పడుకోవడం, ఇవన్నీ మా ఇళ్లల్లో ఇప్పటికీ చేస్తాం. గొంతు తడిగా ఉంటే దురద తగ్గుతుంది, వేడి నీళ్లకు తెమడ పలచబడుతుంది. తేనె గొంతుకు మంచిదని డాక్టర్లు కూడా చెప్తున్నారు. ఏడాది లోపు బిడ్డకు మాత్రం తేనె నాకించకూడదు, బొడ్డూడని బిడ్డకు కూడా తేనె పెట్టే అలవాటు మనలో ఇంకా ఉంది కాబట్టి చెప్తున్నాం. ఆవిరి పట్టడం హాయిగానే ఉంటుంది, కానీ పిల్లల్ని గిన్నె మీదికి వంచొద్దు, కాలిన కేసులు ఉన్నాయి.

అయితే ఒక సంగతి చూడండి. జలుబుతో వచ్చిన దగ్గు చాలామందికి వారం, పది రోజుల్లో తగ్గుతుంది. కొందరికి జలుబు పోయినా దగ్గు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు లాగుతుంది, తర్వాత దానంతటదే పోతుంది. అది పోయే రోజుల్లో మనం ఏది తాగుతుంటే దానికి పేరు వస్తుంది. మా పిన్ని చెప్పిన కషాయంతో తగ్గింది అంటాం. నిజంగా తగ్గించిందో, తగ్గే టైముకు తాగామో ఎవరికి తెలుసు. పిన్నికి పేరొస్తే వచ్చింది, నష్టం లేదు. నష్టం ఎక్కడంటే, మానని దగ్గుకు కూడా పిన్ని కషాయం, తర్వాత అత్త కషాయం, తర్వాత పక్క వీధి కషాయం అంటూ నెలలు గడిపేయడంలో ఉంది.

అందుకే గీత ఎక్కడ గీయాలో తెలిసుండాలి. ఆ గీత రెండు వారాలు. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ ఉందేమో తెమడ పరీక్ష చేయించుకోవాలని మన దేశంలో క్షయ నివారణ కార్యక్రమం చెప్తుంది. తెమడ పరీక్షనే కొందరు గళ్ల పరీక్ష అంటారు. దగ్గుతో పాటు సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం ఉంటే ఇంకా తొందరగా వెళ్లాలి. తెమడలో రక్తపు చార కనిపించినా, ఊపిరి ఆడకపోయినా రెండు వారాలు కాదు, రెండు రోజులు కూడా ఆగొద్దు. షుగరు ఉన్నవాళ్లకు క్షయ త్వరగా పట్టుకుంటుంది, వాళ్లు మరీ జాగ్రత్త.

ఇప్పుడు మా గ్రూపులో జరిగింది చెప్తాం. ఆ అక్కను అడిగి, ఆమె ఒప్పుకున్నాకే చెప్తున్నాం. పేరు చెప్పం. ఈ హాల్లోనే ఉంది, ఎవరని తిరిగి చూడకండి.

ఆమెకు సంక్రాంతి ముగ్గుల రోజుల్లో దగ్గు మొదలైంది. మందుల షాపులో సిరప్ సీసా కొన్నది. అది అయిపోయాక ఊళ్లో వైద్యం చేసే ఆయన దగ్గర ఇంజెక్షన్ వేయించుకుంది. ఇంజెక్షన్ వేసిన రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు మళ్లీ మొదలు. మీటింగుకు వస్తే చివర కూర్చునేది, కొంగు నోటికి అదుముకుని దగ్గేది. ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే అప్పుడు అందరం దగ్గుతూనే ఉన్నాం, మిరప కోతలు కదా.

బయటపెట్టింది మా అప్పుల పుస్తకం. జనవరిలో ఆమె అంతర్గత అప్పు ఐదు వందలు తీసుకుంది, ఎందుకు అన్నచోట వైద్యం అని ఉంది. ఫిబ్రవరిలో ఎనిమిది వందలు, వైద్యం. మార్చిలో వెయ్యి అడిగింది, వైద్యం. పుస్తకం రాసే అమ్మాయి కలం ఆపి, అక్కా మూడు నెలలుగా వైద్యమేనా, ఏం వైద్యం అని అడిగింది. దగ్గే, ఇంకేముంటుంది అన్నది. ఎప్పటి నుంచి అంటే సంక్రాంతి ముందు నుంచి అన్నది. మనం కిస్తీలు లెక్కపెట్టే అలవాటున్న వాళ్లం, అక్కడికక్కడే వేళ్ల మీద లెక్కేశాం. పది వారాలు దాటింది. తొడిమలు తీసే పని లేని రోజుల్లో తగ్గుతుందా అని అడిగితే తగ్గడం లేదన్నది. ఘాటు వల్ల వచ్చే దగ్గయితే పనికి పోని రోజు నెమ్మదించాలి. ఇది అట్లా లేదు.

పరీక్షకు పోదామంటే ఆమె రానన్నది. ఎందుకో మనందరికీ తెలుసు. కూతురికి సంబంధాలు చూస్తున్నారు. పెద్ద జబ్బు ఉన్న ఇల్లు అంటే వచ్చే సంబంధం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. కూలి పనికి పిలిచే మేస్త్రికి తెలిస్తే ముఠాలో ఉండనివ్వడు. అత్తగారు కంచం వేరు చేస్తుంది. ఇవి ఊరికే పెట్టుకున్న భయాలు కావు, మనం కళ్లతో చూసినవే. అందుకని క్షయ అనే మాట మేము ఎత్తలేదు. దగ్గు మందు డబ్బులు మిగులుతాయి, అక్కడ పరీక్షకు రూపాయి కూడా అడగరు, ఒక పూట కూలి పోతే పోయింది అని చెప్పి ఇద్దరం ఆమెతో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాం.

అక్కడ చిన్న మూత డబ్బా ఇచ్చారు. తెమడ ఇవ్వడం కూడా తెలియాలి అక్కా. నోట్లో ఉమ్ము ఊస్తే పనికిరాదు. గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీ లోపల నుంచి దగ్గి తీయాలి. నోరు నీళ్లతో పుక్కిలించుకుని, జనం లేని ఆరుబయట నిలబడి తీయాలి. ఒకటి అప్పుడే ఇచ్చింది, ఇంకొకటి మర్నాడు పొద్దున లేవగానే తీసి పంపింది. ఇప్పుడు మిషను మీద చేసే పరీక్షలు వచ్చాయి, ట్రూనాట్, సీబీనాట్ అంటారు. క్షయ ఉందో లేదో చెప్పడమే కాకుండా ముఖ్యమైన మందు ఒకటి పనిచేస్తుందో లేదో కూడా అవే చెప్తాయి. రెండో రోజు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చింది. క్షయ అని తేలింది.

ఆ వారం మీటింగు గురించి చెప్పకుండా ఉండలేం. గ్రూపులో మంచివాళ్లమే, కానీ భయం మంచివాళ్లకు కూడా ఉంటుంది. చంటిబిడ్డలున్న వాళ్లం, ఆమెను కొన్నాళ్లు రావద్దందాం, పొదుపు డబ్బులు ఇంటికెళ్లి తెచ్చుకుందాం అని ఒకరన్నారు. పొదుపు సంగతి సరే, ఆరు నెలలు పనికి పోకపోతే కిస్తీ ఎవరు కడతారు, లింకేజీ అప్పు పది మంది మీద ఉంది అని ఇంకొకరన్నారు. రావద్దంటే రేపు మనలో ఎవరికి దగ్గు వచ్చినా నోరు విప్పదు అని పుస్తకం రాసే అమ్మాయి అన్నది. అన్నీ నిజాలే. గొంతులు పెరిగాయి. తేలక, ఏఎన్ఎం గారిని పిలుద్దాం, ఆమె చెప్పాక మాట్లాడుకుందాం అని లేచాం.

ఏఎన్ఎం గారు వచ్చి చెప్పిన మాటలు మాకు చాలా పనికొచ్చాయి, మీకూ చెప్తాం. క్షయ కంచం వల్ల, గ్లాసు వల్ల, బట్టల వల్ల, చేయి పట్టుకుంటే అంటుకోదు. ఊపిరితిత్తుల క్షయ ఉన్న మనిషి దగ్గినప్పుడు గాలిలోకి వచ్చే తుంపరల వల్ల అంటుకుంటుంది. తలుపులు మూసిన గదిలో ఎక్కువసేపు కలిసి ఉంటే ప్రమాదం, ఆరుబయట గాలిలో ప్రమాదం చాలా తక్కువ. మందులు సరిగ్గా వేసుకుంటే దాదాపు రెండు వారాల్లో అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. మందులు మొదలుపెట్టిన మనిషికి కాదు మీరు భయపడాల్సింది, పరీక్ష చేయించుకోకుండా మీ మధ్య కూర్చుని దగ్గే మనిషికి అన్నది. ఆ మాటకు అందరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

అప్పటి నుంచి మా మీటింగు రామాలయం గదిలో కాకుండా వేపచెట్టు కింద పెట్టుకున్నాం. ఆ అక్క మొదటి రెండు వారాలు ఇంట్లోనే ఉండి, మూడో వారం మూతికి మాస్కు పెట్టుకుని వచ్చింది. మీటింగు ఇప్పటికీ చెట్టు కిందే జరుగుతుంది, గాలి బాగుందని అలవాటైపోయింది.

కిస్తీ సంగతి అంత తేలిగ్గా తేలలేదు. మూడు మీటింగులు పట్టింది. చివరికి రాసుకున్న తీర్మానం ఇది. అంతర్గత అప్పు మీద ఆరు నెలలు వడ్డీ మాత్రమే కట్టాలి, అసలు తర్వాత. బ్యాంకు కిస్తీలో ఆమె వాటా మొదటి మూడు నెలలు గ్రూపు నిధి నుంచి కట్టి ఆమె పేరు మీద అప్పుగా రాయాలి. ఊరికే ఇవ్వడం కాదు. ఊరికే ఇస్తే ఆమే తీసుకోనన్నది. ఒకరు చివరిదాకా ఒప్పుకోలేదు, సంతకం మాత్రం పెట్టారు. ఒప్పుకోకపోయినా సంతకం పెట్టిన ఆమె మీద మాకు గౌరవమే, గ్రూపు అంటే అందరికీ ఒకటే మాట ఉండాలని లేదు.

మందులు ఆరు నెలలు. మామూలు క్షయకు మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. బరువును బట్టి రోజూ వేసుకోవాలి. అన్నీ ఉచితం. వేసుకున్న మొదటి రోజుల్లో ఒంటేలు ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. మా అక్క రాత్రిపూట అది చూసుకుని రక్తం అనుకుని తెల్లవార్లూ ఏడ్చింది. అది మందు రంగే, భయం లేదు. కానీ కళ్లు పచ్చబడితే, వాంతులు ఆగకపోతే, చూపు మసకబారితే వెంటనే చెప్పాలి. పిల్లలు వద్దనుకుని మాలా మాత్రలు వాడేవాళ్లు ఉంటే ఇంకో సంగతి. క్షయ మందుల్లో ఒకటి ఆ మాత్రల్ని సరిగ్గా పనిచేయనివ్వదు. ఆ ఆరు నెలలు, తర్వాత కొన్నాళ్లు వేరే పద్ధతి ఏది వాడాలో ఏఎన్ఎం గారిని అడగాలి. ఇది చాలామందికి ఎవరూ చెప్పరు.

అసలు గండం రెండో నెల చివర వచ్చింది. దగ్గు పోయింది, అన్నం సయించింది, మూడు కిలోలు పెరిగింది. ఇంక మందులెందుకు అన్నది. కడుపులో తిప్పుతున్నాయి, మానేస్తానంది. చాలామంది మానేసేది ఇక్కడే. పురుగులు సగం చచ్చి సగం మిగిలితే, మిగిలినవి మందుకు లొంగకుండా ముదురుతాయి, అప్పుడు వాడే మందులు ఇంకా బలమైనవి, కష్టమైనవి. మిరపకు పురుగు మందు సగం మోతాదు కొడితే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఆ మాటే చెప్పాం, ఆమెకు అర్థమైంది. ఆ తర్వాత రోజూ రాత్రి అన్నాల వేళ ఎవరో ఒకరం వాళ్ల ఇంటి ముందు నుంచి పోతూ, అక్కా అయిందా అని అడిగేవాళ్లం. ఏం అయిందా అనేది చుట్టుపక్కల వాళ్లకు తెలియదు, అన్నం అనుకునేవాళ్లు.

తిండికి ప్రభుత్వం డబ్బులు ఇస్తుంది. నిక్షయ్ పోషణ్ యోజన అని 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవాళ్లు, 2024 నవంబరు నుంచి నెలకు 1000 చేశారు. బ్యాంకు ఖాతాలో పడతాయి, ఖాతా వివరాలు మొదటి రోజే సరిగ్గా ఇవ్వాలి. మా అక్కకు మొదటి డబ్బు ఆలస్యంగా పడింది, ఆ లోపల గుడ్లకు, పప్పుకు గ్రూపు నుంచి చిన్న అప్పు ఇచ్చాం. మా పుస్తకంలో దాని పేరు గుడ్ల అప్పు. ఆడిట్‌కు వచ్చినాయన ఇదేం అప్పమ్మా అని అడిగాడు. ఇంట్లో వాళ్లందరికీ కూడా పరీక్షలు చేశారు, ఎవరికీ జబ్బు లేదు, రాకుండా ఉండటానికి మందులిచ్చారు. కూతురి పెళ్లి నిరుడు వేసవిలో అయింది. పది మందిమీ వెళ్లాం.

అయితే దగ్గిన ప్రతివాళ్లకూ క్షయ కాదు. ఇది కూడా గట్టిగా చెప్పాలి, లేకపోతే ఈ ప్రసంగం విని భయపడి ఎవరూ పరీక్షకు పోరు. ఈ అక్క సంగతి తేలాక మా గ్రామ సంఘంలో రెండు వారాలు దాటిన దగ్గున్న వాళ్లు ఒక్కొక్కరే పైకి వచ్చారు. వాళ్లెవరికీ క్షయ లేదు.

ఒక పెద్దమ్మకు పొడి దగ్గు. తెమడ లేదు, జ్వరం లేదు, మాట్లాడుతుంటే గొంతులో ఈకతో గీరినట్టు దగ్గు. ఎక్స్‌రే బాగుంది. డాక్టరమ్మ ఆమె వాడే మందులన్నీ బల్ల మీద పెట్టమని, బీపీ మాత్ర పేరు చూసింది. ఎనలాప్రిల్. పేరు చివర ప్రిల్ అని వచ్చే బీపీ మాత్రలు కొందరికి పొడి దగ్గు తెస్తాయట, ఆడవాళ్లలో ఎక్కువట. మొదలుపెట్టిన వెంటనే రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు. వేరే మాత్ర రాసింది, మూడు వారాల్లో దగ్గు పోయింది. అంతకుముందు ఆ దగ్గుకు పెద్దమ్మ ఎన్ని సీసాలు తాగిందో ఆమెకే లెక్క తెలియదు. ఇది విని ఎవరూ ఇంటికెళ్లి బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. దగ్గు తగ్గుతుంది గానీ బీపీ పెరిగి పక్షవాతం రావచ్చు. మాత్రల అట్ట పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇంకో చెల్లెలికి తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు. ఆయాసం జబ్బని చెప్పి పీల్చే మందు ఇచ్చారు. ఇన్‌హేలరు అలవాటైపోతుందని, పిల్లలు పుట్టరని ఎవరో చెప్తే ఆమె దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. అలవాటయ్యేదేమీ కాదు. నోటితో మింగే మందు ఒళ్లంతా తిరుగుతుంది, పీల్చే మందు కొంచెమే, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఊసేయాలి, అంతే. ఇంకొకరికి కడుపులో పులుపు గొంతులోకి తన్నడం వల్ల దగ్గు, రాత్రి అన్నం తినగానే పడుకోవడం మానేసి, డాక్టరు ఇచ్చిన మందు వేసుకుంటే తగ్గింది.

పొయ్యి సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. 1999లో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది మన డ్వాక్రా సభ్యులకే. ఇప్పుడు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం అంటున్నారు. మరి మన ఇళ్లల్లో కట్టెల పొయ్యి ఆరిందా? నీళ్లు కాగడానికి, పప్పు ఉడకడానికి, గేదెకు కుడితి కాయడానికి పత్తి కట్టె, మిరప కట్టె ఇంకా మండుతూనే ఉంది. గ్యాస్ ఆదా చేశామంటాం. ఏళ్ల తరబడి పొగ పీల్చిన ఆడవాళ్లకు, జీవితంలో బీడీ ముట్టకపోయినా, బీడీ తాగే మగవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బే వస్తుంది. అది వస్తే పూర్తిగా పోదు, ముదరకుండా చూసుకోవడమే. పొయ్యి మానలేకపోతే ఆరుబయటికి మార్చండి, చంటిబిడ్డను చంకనేసుకుని ఊదొద్దు. కల్లంలో కూడా గాలి వచ్చే వైపు వీపు పెట్టి కూర్చోండి, పలచటి కొంగు కంటే మంచి మాస్కు నయం. మేస్త్రిని మాస్కులు అడిగాం, ఈ ఏడు ఇచ్చాడు, అందరికీ చాలలేదు.

వేదిక మీద, కింద మగవాళ్లు కొందరున్నారు, అయినా ఈ మాట చెప్తాం. మానని దగ్గుతో ఆడవాళ్లకు ఇంకో బాధ ఉంది. దగ్గితే చీర తడుస్తుంది. ఇద్దరు ముగ్గురు బిడ్డల్ని కన్నవాళ్లకు, గర్భసంచి తీసేసినవాళ్లకు, వయసు పెరిగినవాళ్లకు ఎక్కువ. దానికోసం పేరంటాలు మానేసినవాళ్లు, బస్సెక్కడం మానేసినవాళ్లు, నీళ్లు తాగడం తగ్గించినవాళ్లు ఉన్నారు. నీళ్లు తగ్గిస్తే తెమడ చిక్కబడి దగ్గు ఇంకా పెరుగుతుంది. ఇది సిగ్గుపడాల్సింది కాదు, కండరాలు వదులవడం. ఒంటేలు ఆపుకున్నట్టు లోపలి కండరాలు బిగించి, ఐదు లెక్కపెట్టి వదలడం, ఇట్లా పది సార్లు, రోజుకు మూడు పూటలా చేస్తే చాలామందికి రెండు మూడు నెలల్లో గుణం కనిపిస్తుంది. దీనికి చోటు అక్కర్లేదు, ఇప్పుడు ఇక్కడ కూర్చుని చేసినా ఎవరికీ తెలియదు. తగ్గకపోతే డాక్టరమ్మకు చెప్పండి.

సిరప్‌ల గురించి ఒక్క మాట. 2025లో మధ్యప్రదేశ్ చింద్వారా ప్రాంతంలో విషం కలిసిన దగ్గు సిరప్ తాగి ఇరవై మందికి పైగా చిన్న పిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయారు. డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం అందులో తేలింది. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకు మామూలుగా వాడొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడు చెప్పింది. పక్కింటి బిడ్డకు రాసిన సీసా మన బిడ్డకు పోయడం, పోయినేడు మిగిలింది ఈ ఏడు పోయడం మానండి.

ఇప్పుడు మా గ్రూపు పాటిస్తున్న పద్ధతి చెప్పి దిగిపోతాం. హాజరు పిలిచేటప్పుడు, వచ్చారా అన్న తర్వాత, ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా, ఎన్నో వారం అని కూడా అడుగుతాం. మినిట్స్ పుస్తకం మార్జిన్‌లో వారం అంకె ఒక్కటే రాస్తాం, జబ్బు పేరు రాయం. అంకె రెండు దాటితే ఇద్దరు తోడు వెళ్లాలి. ఒంటరిగా పొమ్మంటే ఎవరూ పోరు, తోడుంటే పోతారు. మగవాళ్ల దగ్గు కూడా లెక్కలోకి వస్తుంది. వాళ్లు మాకేం లేదంటారు, బీడీ దగ్గు అంటారు. ఆ అంకె కూడా రాస్తున్నాం. గ్రామ సంఘాలు ఒప్పుకుంటే అన్ని గ్రూపుల్లోనూ ఈ పద్ధతి పెట్టాలని మండల సమాఖ్యను అడుగుతున్నాం, ఈ రోజు అజెండాలో ఏడో అంశంగా ఉంది, చర్చించండి. ఖర్చేమీ లేదు, ఒక అంకె రాసే చోటు చాలు.

క్షయ గురించి ఏ అనుమానం ఉన్నా 1800-11-6666 నంబరుకు ఫోను చేయొచ్చు, డబ్బులు పడవు. ఏఎన్ఎం గారు, ఆశా అమ్మాయిలు వచ్చి ఉన్నారు. భోజనాల తర్వాత వెనక వరండాలో, నీళ్ల డ్రమ్ముల పక్కన బల్ల వేసుకుని కూర్చుంటారు. డబ్బాలు తెచ్చారు. పేర్లు మైకులో పిలవరు. భోజనాల వరస పెద్దదిగా ఉంటుంది కాబట్టి, రెండు వారాలు దాటినవాళ్లు ముందు అటు వెళ్లి డబ్బా తీసుకుని తర్వాత అన్నానికి రండి, మీ విస్తరి మేము చూసి పెడతాం.